లఘుగ్రహములు - వాని బాటలు



సూర్యుని పరివారమున బుధుడు మొదలు నెప్ట్యూను వరకు గల గ్రహములు గాక, లక్షలకొలది చిన్న గోళములును, రాతిశకలములును గలవు. వీనికి లఘుగ్రహములని పేరు. అందు పెక్కింటి కక్ష్యలు కుజునకును, గురునకును నడుమ నున్నవి. కొన్ని మాత్రము లోపలికి చొచ్చుకొని, మన భూమి నడచు బాటదాక వచ్చుచుండును. పుంగనూరి యావును జూచి పొట్టిదని తీసివేయువాడు పాడి యెరుగనివాడు. లఘుగ్రహముల విషయమునను అంతే. ఇన్నూరు అడుగుల రాయి ఆకసమునుండి మహావేగమున వచ్చి పడినచో ఒక పట్టణమునకు పెనుహాని కలుగును.

అయినను నేడు నేను చెప్పబూనినది ఆ రాళ్ల పుట్టువును గూర్చి కాదు. వాని బాటలను గూర్చి. ఆకసమున నొక చుక్కను చూచుట వేరు, దాని నెరుగుట వేరు. ఆ చుక్క రేపెక్కడ నుండునో, పదియేండ్లకు నెక్కడ నుండునో చెప్పగలిగిననాడే దాని నెరిగినట్లు. ఈ యెరుక లోకమున కెట్లు కలిగినది, అందు మన సీమ పాలెంత, మన క్షేమమునకు దానితో గల సంబంధమేమి అను మూడు మాటలను క్రమముగా విన్నవింతును.

1801 జనవరి 1వ తేదీ రాత్రి, సిసిలీ ద్వీపమున పాలెర్మో నగరమందలి వేధశాలలో పియాజీ అను క్రైస్తవ యతి నక్షత్రముల పట్టికను సవరించుచుండెను. వేధశాల యనగా గ్రహతారకల స్థానములను యంత్రములతో కొలుచు చోటు. ఆ రాత్రి యాతడు గుర్తించిన ఒక చిన్న చుక్క మరునాటికి కొంచెము జరిగినది. ఆ మరునాటికి మరికొంచెము జరిగినది. నక్షత్రమైనచో కదలదు గదా! ఫిబ్రవరి 11వ తేదీ వరకు ఆతడు దానిని కనిపెట్టి చూచెను. ఇంతలో నాతనికి జబ్బు చేసెను. చుక్కయు సూర్యకాంతిలో మునిగి కానరాకపోయెను. మొదటి లఘుగ్రహమగు సిరీసు కనబడిన కొలది దినములకే తప్పిపోయినది.

అప్పుడు జర్మనీదేశమున గౌస్ అను 24 ఏండ్ల గణితవేత్త ఆ కొలది దినముల వేధలను గైకొని, దాని కక్ష్యను గణించి, ఫలానా చోట వెదకుడని చెప్పెను. 1801 డిసెంబరు 31వ తేదీన అది యాతడు చెప్పిన చోటికి చేరువనే కనబడెను. ఏడాది మొదటి రాత్రి దొరికి, తప్పిపోయిన వస్తువు, ఏడాది కడపటి రాత్రి మరల చిక్కినది. చూచినవా డొకడు, ఎరిగినవాడు మరియొకడు.

ఈ గణితమునందలి కీలకము సామాన్యులకును బోధపడునట్టిదే. కక్ష్యను నిర్ణయించుటకు ఆరు సంగతులు తెలియవలెను. కక్ష్య యెంత పెద్దది? ఎంత కోలగా నున్నది? భూకక్ష్యాతలమునకు ఎంత ఒరిగియున్నది? ఆ తలమును ఏ చోట ఖండించుచున్నది? సూర్యునికి దగ్గరి కొన ఏ దిక్కుగా నున్నది? ఏ దినమున గ్రహము కక్ష్యలో ఏ చోట నున్నది? ఈ యారును ఆరు ప్రశ్నలు. ఒక్కొక్క వేధవలన రెండేసి కోణములు లభించును గనుక, మూడు వేధలు ఆరు ప్రశ్నలకును సమాధాన మీయగలవు. జ్యోతిస్సిద్ధాంతములు చదివినవారికి ఇందు కొన్ని సంగతులు చుట్టములవంటివి. కక్ష్య ఖండించు స్థానమును మన పూర్వులు పాతమనిరి. చంద్రుని రెండు పాతములే రాహుకేతువులు. ప్రతి లఘుగ్రహమునకును అట్టి రాహుకేతువులు గలరని గ్రహించునది.

మూడు వేధలు చాలుననుట లెక్కకు మాత్రమే. ప్రతి కొలతలోను రవంత దోషముండును. కొలది దినముల వేధలలోని రవంత దోషము పదియేండ్ల తరువాత లక్షల మైళ్ల తేడాగా పెరుగును. అందుచేత వేధలు పెరిగినకొలది కక్ష్యను మరల మరల దిద్దవలెను. ఇదియు మనకు క్రొత్త గాదు. గణితమునకు వచ్చిన గ్రహము కంటికి కనబడిన గ్రహముతో సరిపోలనపుడు మన సిద్ధాంతులు బీజసంస్కారము చేసిరి. ఆర్యభటుని గణితమునకు లల్లాచార్యుడు బీజము చెప్పెను. కేరళదేశీయుడైన పరమేశ్వరుడు దీర్ఘకాలము గ్రహణములను వేధించి 1431లో దృగ్గణితమను గ్రంథము రచించెను. పెద్దలు చెప్పినారని ఊరకుండక, పెద్దలు చేసినట్లే తామును ఆకసమును చూచుట వీరి ధర్మము. నేటి శాస్త్రజ్ఞులు లఘుగ్రహముల కక్ష్యలకు నిత్యము చేయుచున్నదియు బీజసంస్కారమే.

ఇక మన సీమకు వత్తము. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు, కుప్పములు ఉత్తరార్కాటు జిల్లాలోను ఉండెను. మూడును మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కావున ఈస్టిండియా కంపెనీవారు 1792లో చెన్నపురి నుంగంబాకమున నెలకొల్పిన వేధశాల మన సీమకును వేధశాలయే యని చెప్పనగును.

1861 ఫిబ్రవరిలో పాగ్సన్ అను ఆంగ్లేయుడు ఈ వేధశాలకు అధిపతియై వచ్చెను. మూడు నెలలు తిరుగకముందే, ఏప్రిల్ 17వ తేదీన, ఆతడొక క్రొత్త లఘుగ్రహమును కనిపెట్టెను. ఆసియాఖండమునుండి కనుగొనబడిన మొదటి లఘుగ్రహ మది. అందుచేత దానికి ఆసియా యనియే పేరిడిరి. వరుసలో దాని సంఖ్య 67. పిమ్మట చెన్నపురినుండియే 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కెమిల్లా, 1885లో వీరా దొరకినవి. ఆ కాలమున ఫోటో పలకలు ఈ పనికి రాలేదు. పరిశోధకుడు దూరదర్శినిలో కనబడు చుక్కలను పటములోని చుక్కలతో ఒక్కొక్కటిగా పోల్చి చూడవలెను. పటములో లేని చుక్క కనబడినచో మరుసటి రాత్రులలో అది కదలినదో లేదో కనిపెట్టవలెను. మబ్బు పట్టినచో పని చెడును. సిల్వియాను కనుగొని నూరేండ్లు దాటిన పిదప, దానికి రెండు చిన్న చంద్రులు గలవని 2005లో లోకమునకు తెలిసినది. పాగ్సన్ చూచిన చుక్క ఒక చిన్న కుటుంబమని ఆతడెరుగడు.

ఈ పాగ్సనే అంతకుముందు, 1856లో, నక్షత్రకాంతికి ఒక కొలమాన మేర్పరచెను. ఒకటవ తరగతి నక్షత్రము ఆరవ తరగతి నక్షత్రముకన్న సరిగా నూరు రెట్లు కాంతి గలదని ఆతని నియమము. లఘుగ్రహమెంత పెద్దదో కాంతినిబట్టి యూహించుటకు నేటికిని ఇదే కొలమానము వాడుకలో నున్నది.

చెన్నపురి వేధశాలలో పాగ్సనునకు ముఖ్యసహాయుడుగా నుండినవాడు చింతామణి రఘునాథాచారి. ఈయన చిన్నతనముననే ఆ వేధశాలలో ప్రవేశించి, కడవరకును అందే పనిచేసి, 1880లో కీర్తిశేషుడయ్యెను. కాంతి హెచ్చుచు తగ్గుచుండు ఒక నక్షత్రమును 1867లో కనుగొని శాస్త్రజ్ఞుల మన్నన లందెను. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు పాగ్సన్ మచిలీపట్టణమునకు బోగా, ఆచారిగారు వనపర్తికి బోయిరి. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబమున కడ్డముగా నడచునపుడు, ఆ వింతను ప్రజలకు తెలియజెప్పుటకై ముందుగనే పుస్తకము వ్రాసి, పలు భాషలలో వెలువరించిరి. దృగ్గణిత పంచాంగమును నడపి, కంటికి కనబడు ఆకసముతో పంచాంగము సరిపోలవలెనని వాదించిరి. సంప్రదాయమును విడువక వేధను గౌరవించిన ఇట్టి పండితులు మనకు ఆదర్శప్రాయులు.

లఘుగ్రహము స్థానమును చెప్పవలెనన్న దాని చుట్టు నున్న నక్షత్రముల స్థానములు ముందు తెలియవలెను. మైలురాళ్లు లేని బాటలో బండి యెక్కడ నున్నదని చెప్పగలము? ఆ మైలురాళ్లను పాతిన పనిలో మన హైదరాబాదునకు పెద్ద పాలు గలదు. నవాబు జాఫర్ జంగు 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాల, ఆయన గతించిన పిదప 1908లో నిజాము ప్రభుత్వమువారి యధీనమై నిజామియా వేధశాల యయ్యెను. ఆకసమంతటిని పంచుకొని నక్షత్రపట్టిక వ్రాయుటకు ప్రపంచమందలి వేధశాలలు పూనిన గొప్ప కార్యమున నిజామియాకును ఒక భాగము వచ్చినది. 1918 నుండి 1944 వరకు దాని కధ్యక్షుడైన టి. పి. భాస్కరన్‌గారి కాలమున ఆ శ్రమ చాలవరకు సాగినది. లక్షలకొలది నక్షత్రములను ఫోటో పలకలపై కొలిచి, పెక్కు సంపుటములుగా అచ్చొత్తించిరి. ఇది పేరు తెచ్చు పని కాదు. పేరున్న పనులకు ఆధారమైన పని.

ఆ నిజామియా వేధశాలలో ఉద్యోగియైన బప్పుగారి కుమారుడే వేణు బప్పు. 1927లో జన్మించి, హైదరాబాదులో పెరిగి, నిజాము కళాశాలలో చదివి, అమెరికాకు బోయి, 1949లో ఒక తోకచుక్కను కనుగొని, స్వదేశమునకు మరలివచ్చిన మహనీయుడాతడు. జవ్వాది కొండలలోని కావలూరున వేధశాలకు తగిన చోటు నిర్ణయించి, 1960 దశాబ్ది చివర అందు పని మొదలు పెట్టించినవాడును ఆతడే. కుప్పమునకు ఆగ్నేయముగా, గీత గీచినట్లు కొలిచినచో సుమారు యాభై కిలోమీటర్లలో నున్నది కావలూరు. ఆయన 1982లో దివంగతుడైన పిదప, 1986లో ఆ వేధశాలకు ఆయన పేరే పెట్టిరి. ఒక లఘుగ్రహమును ఆయన పేర వెలయుచున్నది.

ఇక భూమికి దాపుగా వచ్చు లఘుగ్రహముల కథ. 1932లో హైడెల్‌బర్గు వేధశాలయందు రైన్‌ముత్ అను జర్మను పండితుడు అపోలో అను లఘుగ్రహమును కనుగొనెను. భూకక్ష్యను దాటి లోపలికి వచ్చునని మొట్టమొదట తెలిసినది ఇదియే. కొలది వారములు కనబడి తప్పిపోయి, మరల 1973లో గాని దొరకలేదు. 1937 అక్టోబరులో ఆతడే కనుగొన్న హెర్మీసు, చంద్రుని దూరమునకు రెండింతలకన్న తక్కువ దూరమున భూమిని దాటిపోయినది. అది కంటబడినది కొలది దినములు మాత్రమే. అరువదియారేండ్లు దాని జాడ తెలియలేదు. ఆ కాలమున అది మనకు చేరువగా వచ్చిపోయినను ఎవరును గుర్తింపలేదు. 2003 అక్టోబరులో అది మరల చిక్కినపుడు, ఒకటి గాదు, జంటయని తేలినది.

బాటలు కలసినంతమాత్రమున ప్రమాదము రాదు. కుప్పము మీదుగా బెంగుళూరు, జోలారుపేటల నడుమ రైలు నడచును. ఆ రైలుబాటను అడ్డముగా దాటు బండిబాట నొకదాని నూహించుకొనుడు. రెండు బాటలును కలియు చోటు ఏనాడును అక్కడనే యున్నది. రైలును, బండియు ఒకే క్షణమున అచ్చటికి వచ్చిననే కీడు. భూమి సెకనునకు ఇంచుమించు 30 కిలోమీటర్లు పోవును. అనగా మదనపల్లెనుండి పుంగనూరునకు గల బాట దూరము ఒక్క సెకను ప్రయాణము! భూమి వ్యాసము 12,742 కిలోమీటర్లు. తన వ్యాసమంత దూరము నడచుటకు భూమికి ఏడు నిమిషములు పట్టును. పదియేండ్ల తరువాత బాటలు కలియు చోటికి లఘుగ్రహము ఏడు నిమిషములు ముందు వచ్చునా, వెనుక వచ్చునా అనుటపై ఒక్కొక్కప్పుడు ఊళ్ల మేలుకీళ్లు ఆధారపడియుండును. కక్ష్యాగణితమున ఇంత సూక్ష్మత ఏల కావలెనో ఇందువలన తెలియును.

ఇట్టి వస్తువులను వెదకుటకే కావలూరున ఆర్. రాజమోహన్‌గారు, వారి సహచరులును 1980 దశాబ్ది చివర ఒక పథకమును పూనిరి. దానికి వారిడిన పేరు కల్కి. యుగాంతమున వచ్చునని పురాణములు చెప్పు అవతారము పేరు, భూమిని ఢీకొనగల రాళ్లను వెదకు పనికి పెట్టుట ఎంత సార్థకము! 45 సెంటీమీటర్ల ష్మిట్ దూరదర్శినితో 1988 ఫిబ్రవరి 17వ తేదీన వారు ఒక క్రొత్త లఘుగ్రహమును కనుగొనిరి. 1885లో వీరా దొరకిన పిదప నూరేండ్లకు పైగా భారతభూమినుండి మరల దొరకిన లఘుగ్రహమిది. దీని సంఖ్య 4130, పేరు రామానుజన్. కుంభకోణమున పెరిగిన ఆ మహాగణితజ్ఞుని పేరిట నది వెలసినది. అది కుజగురుల నడుమ తిరుగునదే గాని భూమికి బెదరింపు గాదు. అయినను కొండమీద కన్ను తెరచి కూర్చున్నవారికే ఏదేని దొరకును. వారు కనుగొన్నవానిలో నొకదానికి భారత ఖభౌతిక సంస్థ యధ్యక్షులైన జె. సి. భట్టాచార్యగారి పేరు పెట్టిరి.

ఇప్పుడు మన కాలపు రెండు వృత్తాంతములు చెప్పి, విషయమును ముగింతును. 2004 జూన్‌లో అమెరికాలో అపోఫిస్ అను లఘుగ్రహము కనబడెను. అది సుమారు 340 మీటర్ల వెడల్పు గలది. 2029 ఏప్రిల్ 13వ తేదీన భూమిని తాకుటకు నూటికి రెండున్నర పాళ్లకు మించి అవకాశము గలదని ఆ యేడు డిసెంబరులో గణితము తేలగా లోకము కలవరపడెను. అంతలో, అదే సంవత్సరము మార్చిలో వేరొకరు తీసిన చిత్రములలో ఆ చుక్క ఎవరును గుర్తింపకయే పడియున్నదని కనుగొనిరి. ఆ పాత వేధను కలుపగానే భయము తొలగినది. ఆ దినమున నది భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల యెత్తున దాటిపోవును. చూచి భద్రపరచిన దేదియు వ్యర్థము గాదనుటకు ఇంతకన్న నిదర్శనము వేరేల?

రెండవది 2024 డిసెంబరు 27వ తేదీన చిలీదేశమునుండి కనబడినది. దానికి 2024 వై.ఆర్.4 అని గుర్తు. వెడల్పు సుమారు 60 మీటర్లు. సూర్యుని చుట్టి వచ్చుటకు దానికి ఇంచుమించు నాలుగేండ్లు పట్టును. 2032 డిసెంబరు 22వ తేదీన భూమిని తాకవచ్చునని మొదట భావించిరి. తాకుటకు వీలుగల రేఖ పసిఫిక్ సముద్రమునుండి దక్షిణ అమెరికా, ఆఫ్రికా, అరేబియా సముద్రములమీదుగా మన దక్షిణాసియా వరకు సాగినది. 2025 ఫిబ్రవరి 18 నాటికి ఆ యవకాశము నూటికి మూడు పాళ్లు దాటెను. తరువాతి వారము లోపుననే అది ఇంచుమించు సున్నకు దిగెను. శాస్త్రజ్ఞులు ముందు భయపెట్టి, పిదప మాట మార్చిరని కొందరు నవ్విరి. అది తగదు.

ఒక ఆవు తప్పిపోయిన దనుకొనుడు. అది పది పొలములలో ఎక్కడనో యున్నదని కాపరి చెప్పెను. ఆ పదింటిలో మన నారుమడియు నొకటి. మరికొంత వెదకి, ఐదు పొలములలో లేదని తేల్చెను. మిగిలిన ఐదింటిలో మన నారుమడి యింకను నున్నది. ఆవు కదలలేదు, కాని మన నారుమడిలో నుండుటకు అవకాశము పదింట ఒకటి యనునది ఐదింట ఒకటి యయ్యెను. భయము పెరిగినది. ఇంకను వెదకగా ఆవు పొరుగువాని బీడులో నున్నదని తేలెను. భయము మాసినది. కాపరి ఎక్కడను తప్పు చెప్పలేదు. తెలివి పెరుగునపుడు భయము ముందు హెచ్చి, పిదప తగ్గుట సహజము. సగము తెలివితో ఆగిపోవుటయే చెడుగు.

భయము పూర్తిగా కల్లయని నేననను. 2013 ఫిబ్రవరి 15వ తేదీన రష్యాలో చెల్యాబిన్‌స్కు నగరముపైన సుమారు 20 మీటర్ల రాయి గాలిలో పగిలినపుడు, అద్దములు బ్రద్దలై దాదాపు 1,500 మంది గాయపడిరి. సూర్యుని దిక్కునుండి వచ్చుటచే దానిని ముందుగా నెవరును చూడలేదు. నూటనలువది మీటర్లకు మించి భూమికి దాపుగా తిరుగు వస్తువులలో సగమైనను ఇంకను కనబడలేదని శాస్త్రజ్ఞుల యంచనా. కాని ముందుగా తెలిసినచో ఉపాయము లేకపోలేదు. 2022 సెప్టెంబరు 26వ తేదీన అమెరికావారు డైమార్ఫస్ అను చిన్న శకలమును ఒక నౌకతో ఢీకొట్టించి, అది తన పెద్ద తోడును చుట్టివచ్చు కాలమును అరగంటకు పైగా తగ్గించిరి. ఆకాశవస్తువు బాటను మనుష్యుడు బుద్ధిపూర్వకముగా మార్చుట అదియే మొదలు. అయితే బాట తెలిసినదానినే మార్చగలము. పదియేండ్లు ముందు తెలిసినచో చిన్న త్రోపుడు చాలును, పది దినములు ముందు తెలిసినచో పర్వతమంత బలమును చాలదు.

కనుక శ్రోతలారా, ఈ విద్యలో వీరుడనగా గట్టిగా కొట్టువాడు గాడు. ఓపికగా చూచి, చూచినది వ్రాసిపెట్టి, వెనుకవారికి అప్పగించువాడు. పియాజీ చూడగా గౌస్ గణించెను. పాగ్సన్ కొలమానముతో నేటివారు రాతి పరిమాణమును ఊహించుచున్నారు. పేరు తెలియని వారెందరో కొలిచిన నక్షత్రములే లఘుగ్రహముల బాటకు మైలురాళ్లయినవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పముల విద్యార్థులకు నా మనవి యొకటే. చుట్టు కొండలు గల సీమ మనది. ఊరిదీపములకు కొంచెము దూరముగా నడచినచో నేటికిని చుక్కలు కనబడును. ఒక గ్రహమును ఎంచుకొని, నెల దినములు రాత్రి రాత్రికి దాని చోటును కాగితముపై గుర్తించి, తేదీ, గంట వ్రాసిపెట్టుడు. పంచాంగములో చెప్పిన చోటుతో పోల్చి చూడుడు. ఊరిదీపముల వెలుగు ఆకసమునకు గాక నేలకు పడునట్లు మూతలు వేయింపుమని పెద్దల నడుగుడు. వెలుగు నిండిన ఆకసమున సన్నని చుక్క కానరాదు. కానరానిదాని బాట ఎవరికిని తెలియదు.

వేధ చేయని గణితము గ్రుడ్డిది. గణితము లేని వేధ కుంటిది. రెండును చేయి చేయి పట్టుకొని నడచిననాడే మనము నివసించు ఈ భూమి తన బాటలో నిర్భయముగా సాగును.